అచ్చం క్యాసెట్‌లాగే

ఇన్నేళ్ళుగా నా గుండెల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. వాడంతట వాడు వచ్చి కూర్చోలేదు. నేనే కూర్చోబెట్టాను. అందుకే దిగమని అడిగే ముఖం కూడా లేదు నాకు.

మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నాకు తెలియదు కాబట్టి. తెలిసినవాళ్ళెవరికీ చెప్పలేకపోయాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఒకటి మాత్రం ముందే చెబుతాను. నేను ఏడుస్తూ రాయడం లేదు. కోపంతో రాస్తున్నాను. మొదట్లో ఆ కోపమంతా జనం మీదే ఉండేది. ఇప్పుడు ఎవరి మీద ఎంతుందో నాకే తెలియడం లేదు.

తొంభైల చివర్లో రాజమండ్రిలో మాకొక రాక్ బ్యాండ్ ఉండేది. నలుగురం. నేను కీబోర్డు వాయిస్తూ పాడేవాడిని. ఇద్దరివి గిటార్లు. డ్రమ్స్ సుందర్. వాడిది రామచంద్రపురం. చర్చిలో ఆదివారం పాటలకు డ్రమ్ము కొడుతూ పెరిగాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తాళం వాడి ఒంట్లోనే ఉండేది. బస్సెక్కితే ముందు సీటు కమ్మీ మీద, హోటల్లో కూర్చుంటే బల్ల మీద, ఏమీ దొరక్కపోతే నా భుజం మీద వాయించేవాడు. ఆపరా బాబూ అంటే నవ్వేవాడు, ఆపేవాడు కాదు.

మా పాటలు మేమే కట్టుకుని మద్రాసు వెళ్ళి ఒక క్యాసెట్ చేయించుకున్నాం. అక్కడ స్టూడియోలో డ్రమ్స్‌కు మైకులు సర్దడానికే ఒక పూట పడుతుందన్నారు. మాకిచ్చిందే ఒక రోజు. దాంతో డ్రమ్స్ మొత్తం మిషన్ మీద కొట్టించేశారు. సుందర్ బయట వరండాలో కూర్చుని సాయంత్రం దాకా టీలు తాగాడు. పోన్లేరా, స్టేజీ మీద ఎలాగూ నేనే కదా అన్నాడు. మనసులో ఏమనుకున్నాడో నేను అడగలేదు. అడగాల్సింది.

క్యాసెట్ కాలేజీ పిల్లల్లోకి బాగా వెళ్ళింది. కాకినాడ నుంచి భీమవరం దాకా హాస్టళ్ళలో మా పాటలు వినిపించేవి. మొదటి ప్రోగ్రాం కాకినాడలో. సుందర్ ప్రాణం పెట్టి వాయించాడు. దగ్గరుండి విన్నవాడిని, నేను చెబుతున్నాను. చెమట కారుతుంటే, కర్ర విరిగితే ఇంకోటి అందుకుంటూ, పాట ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ ఆగుతూ, ఎక్కడ దూకాలో అక్కడ దూకుతూ వాయించాడు. జనం మాత్రం కదల్లేదు. ప్రోగ్రాం అయ్యాక పిల్లలు చుట్టూ చేరి ఏమన్నారో తెలుసా? “బాగానే ఉందండి గానీ, క్యాసెట్‌లో ఉన్నట్టు లేదేంటండీ?”

ఆ మాట ఎన్ని ఊళ్ళలో విన్నామో! క్యాసెట్‌లో డ్రమ్ము గుండెల్లో దభీమని పడుతుందండి, ఇక్కడ పడట్లేదండి. క్యాసెట్‌లో గిటార్ ఇంకా పదునుగా ఉంటుందండి. అమలాపురంలో ఒకడైతే, అంత కష్టపడ్డం ఎందుకండీ, ఆ క్యాసెట్టే పెట్టేసి మీరు కూడా వచ్చి మా పక్కన కూర్చోండి అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మండిపోయింది.

మీకేం కావాలయ్యా అసలు? ఎదురుగా నలుగురు మనుషులు రక్తమాంసాలతో నిలబడి వాయిస్తుంటే, అది మిషన్‌లా లేదని వంక పెడతారా? ఇంట్లో పొయ్యి మీద పులస పులుసు కుతకుతలాడుతుంటే హోటల్ వాసన రావట్లేదని అలిగినట్టుంది మీ వరస. క్యాసెట్ వినాలంటే ఇంట్లో వినండి. ఇంత దూరం వచ్చి, దుమ్ములో నిలబడి, మా ముఖాలు చూస్తూ క్యాసెట్టే వినాలని ఎందుకు మీకు? ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఒళ్ళు మండినవాడు ఏం చేయాలి? ఇంతేనండి మా వాయింపు, ఇష్టమైతే వినండి అనాలి. నేను అనలేదు. నాకు చప్పట్లు కావాలి. ఆ మండిన ఒళ్ళు తీసుకుపోయి వాళ్ళ కాళ్ళ దగ్గరే పెట్టాను.

చేసిన పని ఇదీ. ఒక టేపు తయారు చేశాను. టేపులో రెండు పక్కలుంటాయి కదా, ఒక పక్క సుందర్ హెడ్‌ఫోన్‌లోకి, ఇంకో పక్క జనంలోకి. హెడ్‌ఫోన్‌లో వాడికి టక్ టక్ మని తాళం, కాస్త వయొలిన్ల మోత వినిపిస్తాయి. క్యాసెట్‌లో ఉన్న చిల్లర సౌండ్లు టేపు మీద వస్తాయిరా, నువ్వు ఈ టక్ టక్ పట్టుకుని వాయించు అని చెప్పాను. వాడు సరేనన్నాడు. జనంలోకి వెళ్ళే పక్క ఆ వయొలిన్లతో పాటు మిషన్ డ్రమ్స్ కూడా ఎక్కించానని మాత్రం చెప్పలేదు. మిక్సర్ నా కీబోర్డు పక్కనే ఉండేది. ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు సుందర్ మైకుల మీటలన్నీ కిందికి లాగేసేవాడిని. సౌండ్ బాక్సులన్నీ జనం వైపు తిరిగి ఉండేవి. వాడేమో వెనకాల, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని. వాడి దెబ్బలు వాడికి వినిపించేవి. జనానికి వినిపించేది మిషన్.

గిటార్ కుర్రాళ్ళిద్దరికీ అనుమానం వచ్చే ఉంటుంది. ఎవరూ నోరెత్తలేదు. చప్పట్లు పడుతున్నప్పుడు ఎందుకు పడుతున్నాయని ఎవడడుగుతాడు?

చప్పట్లు పడ్డాయి మరి. అదిరిపోయిందండీ, డ్రమ్స్ అచ్చం క్యాసెట్‌లాగే ఉన్నాయండీ అని సుందర్ చేతులు పట్టుకుని ఊపేవారు. వాడి ముఖం వెలిగిపోయేది. నేను ఆ వెలుగు చూస్తూ పక్కన నిలబడేవాడిని. ఆ దెబ్బ ఇంకా గట్టిగా, ఇంకా సమంగా పడాలని వాడు రోజూ పొద్దున్నే సాధన చేసేవాడు. అరచేతులు బొబ్బలెక్కి, అవి చితికి, పైన గుడ్డ చుట్టుకుని మళ్ళీ వాయించేవాడు. ఎవరి కోసం? మూసేసిన మైకుల కోసం. నాకు తెలుసు. తెలిసి కూడా, బాగుందిరా, ఇంకా బాగా వస్తోంది అనేవాడిని.

ఇక్కడిదాకా చేసింది మోసం. దానికైనా ఏదో సంజాయిషీ వెతుక్కోవచ్చు. ఆ తర్వాత చేసినదానికి పేరేంటో నాకు తెలియదు.

భీమవరం పక్కన ఒక ఊళ్ళో కాలేజీ వార్షికోత్సవం. చుట్టూ రొయ్యల చెరువులు. పొద్దు వాలగానే అక్కడ చెరువులన్నిటి మీదా ఏరియేటర్లు తిప్పుతారు, నీళ్ళలోకి గాలి ఆడకపోతే రొయ్య చచ్చిపోతుంది. అవి తిరగడం మొదలెట్టాయంటే ఊరంతా వోల్టేజీ పడిపోతుంది. మాకోసం జనరేటర్ అడిగాం. తెచ్చారు. తెచ్చి, గేటు నుంచి స్టేజీ దాకా కట్టిన రంగు బల్బులకు తగిలించారు. బల్బులు ఆరిపోతే ప్రిన్సిపాల్‌గారికి నామోషీ అట. స్టేజీకి ఊరి కరెంటే. యాంప్లిఫయర్లకు మా స్టెబిలైజర్ ఉంది కాబట్టి భయపడలేదు. టేపుకు మాత్రం లేదు. సుందర్ ఎప్పుడైనా రెండో పక్క పెట్టి వింటాడేమోనని దానికి గుడ్డ కప్పి, కీబోర్డు కింద దాచి, విడిగా వేరే వైరు లాగి పెట్టేవాడిని. ఆ దాపరికమే కొంప ముంచింది.

మా అందరికీ పేరు తెచ్చిన పాట. మొదటి చరణం మధ్యలో ట్యూబ్‌లైట్లు మిణుక్కుమన్నాయి. టేపు సాగడం మొదలెట్టింది. బాక్సుల్లో డ్రమ్స్ నిద్రమత్తులో నడిచినట్టు వెనకబడ్డాయి. సుందర్ హెడ్‌ఫోన్‌లో టక్ టక్ కూడా సాగే ఉంటుంది. వాడేం చేశాడో తెలుసా? హెడ్‌ఫోన్ పీకి మెడలో వేసుకుని, కళ్ళు మూసుకుని, పాట అసలు నడక ఏదో అదే పట్టుకుని కొట్టుకుంటూ పోయాడు. రవ్వంత కూడా కదల్లేదు. గిటార్లు రెండూ వాడి వెంటే వెళ్ళాయి. స్టేజీ మీద పాట నిక్కచ్చిగా ఉంది. జనంలోకి మాత్రం గిటార్లు ముందు, డ్రమ్స్ వెనక, అంతా కంగాళీగా వెళ్ళింది.

రెండూ విన్నవాడిని నేనొక్కడినే.

నా వేలు మీటల మీదికి వెళ్ళింది. టేపు ఆపేసి, ఆ మైకుల మీటలు పైకి తోస్తే చాలు. ఆ క్షణంలో సుందర్ ఆ ఊరంతటికీ వినిపించేవాడు. కానీ అలా తోస్తే సౌండ్ ఒక్కసారిగా మారిపోతుంది. ఇందాకటిదాకా విన్నది వీళ్ళది కాదని చిన్నపిల్లాడికైనా తెలిసిపోతుంది. వేలు అక్కడే ఆగిపోయింది. పాట ఆపేశాను. మైకు అందుకుని, మా డ్రమ్మర్‌కు ఒంట్లో బాగోలేదండి, క్షమించాలి అన్నాను.

ఎంత మర్యాదగా అన్నానో! గోదారోళ్ళం కదా, గొంతు కోసినా అండీ తగిలించే కోస్తాం.

జనం అందుకున్నారు. డ్రమ్స్ వాడిని దించెయ్యండని అరిచారు. నీళ్ళ ప్యాకెట్లు విసిరారు. నిన్నటిదాకా మిషన్‌ని విని వాడికి దండం పెట్టినవాళ్ళు, ఇవాళ మిషన్ తప్పుకు వాడిని తిట్టారు. సుందర్ లేచి నిలబడి, ఏం జరిగిందో తెలియక, జనం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

స్టేజీ వెనక, టెంటు గుడ్డ పక్కన నన్ను పట్టుకున్నాడు.

“ఒరేయ్, నిజం చెప్పరా. నేను తాళం తప్పానా?”

నేను వైర్లు చుడుతున్నట్టు నటించాను.

“హెడ్‌ఫోన్‌లో టక్ టక్ సాగిపోయిందిరా. అందుకే తీసేశాను. నాకు సరిగ్గానే పడుతున్నట్టుంది. లేదా?”

“టేపు సరిగ్గానే ఉంది సుందర్. ఎక్కడా సాగలేదు. నువ్వే పరిగెత్తావు.”

“నాకలా తెలియలేదేంట్రా మరి?”

“తప్పేవాడికి తెలియదు.”

వాడు కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. “నీ చెవి మీద నాకు నమ్మకంరా. నువ్వన్నావంటే అంతే అయ్యుంటుంది.”

ఎందుకలా అన్నాను? నువ్వే పరిగెత్తావు అన్న మాట భయంతో వచ్చిందనుకుందాం. తప్పేవాడికి తెలియదు అన్నది ఎక్కణ్ణుంచి వచ్చింది? అది అవసరం లేదు కదా. ఆ ఒక్క మాటతో వాడి చేతుల మీదే కాదు, వాడి చెవుల మీద కూడా వాడికి నమ్మకం లేకుండా చేశాను. బహుశా నాకు వాడంటే కుళ్ళు. టేపు సాగినా, కరెంటు పోయినా, లోకం తలకిందులైనా తాళం తప్పని మనిషిని చూసి, ఆ క్షణంలో ఓర్వలేకపోయాను. ఇది రాస్తుంటేనే తెలుస్తోంది నాకు.

సుందర్ బ్యాండ్ మానేశాడు. చర్చిలో కూడా డ్రమ్ము ముట్టుకోవడం లేదని విన్నాను. బావమరిది టైర్ల కొట్లో కుదురుకున్నాడట. వాడి జాగాలో ఇంకొకణ్ణి పెట్టుకున్నాం. వాడికి కొట్టడమే రాదు. ఊరికే చేతులు ఊపేవాడు, జుట్టు ఎగరేసేవాడు. ఏడాది పైగా నడిపాం. ఒక్కడంటే ఒక్కడు కనిపెట్టలేదు. అచ్చం క్యాసెట్‌లాగే ఉందండీ అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఎవరినైనా కొట్టాలనిపించేది.

ఆ బ్యాండూ పోయింది. ఇప్పుడు రాజమండ్రిలో పిల్లలకు కీబోర్డు నేర్పుకుంటున్నాను. ఈ మధ్య ఒకావిడ ఏడెనిమిదేళ్ళ పిల్లను తీసుకొచ్చింది. డ్రమ్స్ నేర్పుతారాండీ, ఇంట్లో గిన్నెలన్నీ సొట్టలు పెట్టేస్తోందండీ అంది. ఆవిడ మాట్లాడుతుండగానే పిల్ల నా బల్ల మీద వేళ్ళతో వాయిస్తోంది. ఈలోగా బయట బండి ఆపుకుని లోపలికి వచ్చాడు సుందర్.

నన్ను చూసి సంతోషపడ్డాడు. నిజంగానే సంతోషపడ్డాడు. ఎలా ఉన్నావురా అని భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత భార్యతో అన్నాడు, డ్రమ్స్ వద్దే, మా ఇంట్లో ఎవరికీ తాళం నిలబడదు, రేపు నలుగురిలో నవ్వులపాలవుతుంది. కావాలంటే వీణ్ణడుగు, నన్ను దగ్గరుండి చూశాడు. ముగ్గురూ నా వైపు చూశారు. చెప్పడానికి దేవుడు రెండోసారి ఇచ్చిన అవకాశం అది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. సర్లే, కీబోర్డు నేర్పరా, నీ దగ్గరైతే నాకు బెంగ లేదు అని పిల్లను నాకప్పగించి వెళ్ళాడు.

ఆ పిల్ల వస్తోంది. వేళ్ళు కీబోర్డు మీద తడబడతాయి. కాలు మాత్రం బల్ల కింద తాళం వేస్తూ ఉంటుంది, ఒక్క దెబ్బ అటూ ఇటూ కాకుండా. నేను ఆ కాలు చూడనట్టు పాఠం చెబుతాను. మొన్న తలెత్తి అడిగింది.

“మాస్టారూ, మా నాన్న మీ బ్యాండ్‌లో బాగా కొట్టేవారు కాదటగా? ఆయనే చెప్పారు.”

పాఠం చూడమ్మా అన్నాను.

అందుకే ఈ కాగితం పట్టుకున్నాను. ఇది చదివి మీరు నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి. క్షమించకండి, ఆ హక్కు మీది కాదు. నాకు తెలుసు, చెప్పాల్సింది మీకు కాదు, టైర్ల కొట్లో ఉన్న మనిషికి. ఆ ధైర్యం ఎప్పటికైనా వస్తుందో రాదో ప్రమాణం చేయలేను. పేరు కూడా రాసుకోలేని పిరికివాడిని. కానీ ఇంతవరకూ ఈ మాట నా నోట్లోంచి కూడా బయటికి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను, ఊపిరి కొంచెం ఆడుతోంది.

చాలా బాగా కొట్టేవాడమ్మా మీ నాన్న. ఆ రోజు తప్పింది నేను.