డేగ గుర్తు మగ్గు

మొన్న నాగోల్‌లో మా మేనల్లుడు, అంటే మా తమ్ముడి కొడుకు, తన కొత్త రియల్ ఎస్టేట్ ఆఫీసు ప్రారంభానికి వచ్చినవాళ్ళకు తలా ఒక పింగాణీ మగ్గు పంచాడు. పొట్లం విప్పగానే నా ఒళ్ళు మండిపోయింది. రెక్కలు విప్పిన డేగ, దాని కాళ్ళ కింద అడ్డంగా రెండు కత్తులు. అది మా నాన్న, మేం బాపు అనేవాళ్ళం, మిలిటరీలో పనిచేసిన పటాలం గుర్తు. దాని కిందే వీడి వెంచరు పేరు, ప్లాట్లు కావాలంటే ఫోను చేయమని నంబరూ!

ఆ గుర్తున్న అసలు మగ్గు, బాపు మిలిటరీ నుంచి రిటైరై అల్మాస్‌గూడకు తిరిగొచ్చిన రోజున ట్రంకుపెట్టెలో ఉన్ని బట్టల మధ్య వచ్చింది. వీడ్కోలు నాడు తోటివాళ్ళు ఇచ్చారట. నా ఈడువాళ్ళకు తెలిసే ఉంటుంది, ఆ రోజుల్లో పింగాణీ అంటే హోటల్లో పదిమంది ఎంగిలి చేసిన కప్పు అనే లెక్క. మా నానమ్మయితే దాన్ని వంటింటి గడప దాటనిచ్చేది కాదు, అందుకని బాపు మగ్గు అరుగు మీది గూట్లోనే ఉండేది, అమ్మ తగలకుండా పైనుంచి ఎత్తి చాయ్ పోసేది, తాగాక బాపు తానే కడిగి బోర్లించుకునేవాడు. మంచుకొండల్లో కాపలా కాసి వచ్చిన మనిషికి సొంతింట్లో ఈ వేరు పెట్టడం ఏమిటని నేను గొణిగేదాన్ని గాని, ఆయన ముసిముసిగా నవ్వి ఊరుకునేవాడు.

అంత నెమ్మదస్తుడికీ ఒకసారి కోపం వచ్చింది. ఎల్బీ నగర్ వైపు నుంచి పొలాలన్నీ ప్లాట్లు చేసుకుంటూ వస్తున్న బ్రోకర్లు ఇద్దరు మా అరుగు మీద కూర్చుని, ఆ మగ్గును తెగ మెచ్చుకుని, కొనడానికి వచ్చేవాళ్ళ ముందు బాపు ఆ గుర్తు పెట్టుకుని కూర్చుంటే చాలు, ఫౌజీ మాటంటే జనం కళ్ళు మూసుకుని నమ్ముతారని నచ్చజెప్పబోయారు. బాపు చేతిలోని చాయ్ వాకిట్లో పారబోశాడు.

"గీ గుర్తు పెట్టుకున్నోళ్ళు ప్రాణాలిచ్చిన్రు. దీన్ని సూపెట్టి జాగలమ్మాల్నా? లేవుండ్రి ముందు!"

వాళ్ళు పోయాక నానమ్మ ఆ మగ్గును తన చేత్తో వంటింట్లోకి తీసుకుపోయి, మళ్ళీ చాయ్ పోసి తెచ్చి కొడుక్కి ఇచ్చింది. ఆనాటి నుంచి అది మా గిన్నెల మధ్యే ఉండేది.

బాపు పోయాక తమ్ముడింట్లోనే ఉండిపోయిన అలాంటి మగ్గును ఈ మేనల్లుడు నమూనాకని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రింటింగ్ షాపులో ఇచ్చి, తిరిగి తెచ్చుకోవడమే మరిచాడట, అసలుదేదని అడిగితే తానే చెప్పాడు. నలుగురిలోనే నిలదీశాను.

"ఏంది అత్తా, గింత దానికి పరేషాన్ అయితవ్? తాత పేరు నిలబెడుతున్న కదా!"

పేరు నిలబెట్టడమట! పక్కనున్న చుట్టాలేమో బొమ్మ బాగుంది, ఇంకోటి ఇవ్వమని అడుగుతున్నారు. నాకిచ్చింది బల్ల మీదే వదిలేసి, ఆటో ఎక్కి నేరుగా ఆ షాపుకు పోయాను. బాపు మగ్గు కౌంటరు మీద పెన్నులు పెట్టుకునే డబ్బా అయి కూర్చుంది. పెన్నులన్నీ అక్కడే కుమ్మరించి మగ్గు ఇంటికి తెచ్చుకున్నాను.

చివరి రోజుల్లో బాపు కూడా పొలం అమ్మక తప్పలేదు. ఇప్పుడక్కడన్నీ కాలనీలే, మా గట్లు ఎక్కడుండేవో నాకే ఆనవాలు దొరకదు. అందుకు నేనెవరినీ తప్పుపట్టను, ఊరు పెరిగితే చేలు ఇళ్ళవుతాయి. కానీ ఆయన పొలం అమ్ముకున్నాడు గాని గుర్తు అమ్ముకోలేదు. మాకు పొలం మిగల్లేదు, గుర్తొక్కటే మిగిలింది. దాన్నీ అమ్ముకుంటున్నాం.