తాతయ్య కోసెయ్యబోయిన నడుం పట్టా

నా చిన్నప్పుడు ప్రమాదమంటే ఏమిటో మొదటిసారి తెలిసింది మా ఇంటి ముంగిట్లో, పాత బొంత మీద వెల్లకిలా పడి ఉన్న క్షణంలో. వీపుకు నా అంత సంచి తగిలించి ఉంది. దాని పట్టా నడుము చుట్టూ బిగించి ఉంది. లేవబోతే లేవలేకపోయాను. పక్కకు దొర్లబోతే సంచి మళ్లీ వెనక్కి లాగింది. అప్పటిదాకా నవ్వుతూనే ఉన్నాను. మా తాతయ్య మొహంలో నవ్వు లేదని చూశాక నాది కూడా ఆగిపోయింది. పైన వానకాలపు మబ్బు మెల్లగా కదులుతోంది. నా కాళ్లూ చేతులూ నాకే ఉన్నాయి గానీ నాకు పనికి రావడం లేదు. తాతయ్య పక్కనే గొంతుక్కూర్చుని చూస్తున్నాడు తప్ప చెయ్యి అందించలేదు.

అలాంటి సంచే ఇప్పుడు నా ఎదురుగా నేల మీద ఉంది. పిల్లలిద్దరూ నిద్రపోయారు. ఈమధ్య ఒక మధ్యాహ్నం భూమి ఊగింది. ఇక్కడ బర్మాలో, బోటాటౌంగ్ పేటలోని మా మేడ మెట్ల మీద జనమంతా ఒకరి మీద ఒకరు పడుతూ కిందికి పరిగెత్తారు. నేను చిన్నవాణ్ణి చంకనెత్తుకుని, పెద్దదాని జబ్బ పట్టుకుని చెప్పుల్లేకుండా వీధిలో నిలబడ్డాను. ఇంట్లో నుంచి ఒక్క నీళ్ల సీసా కూడా తెచ్చుకోలేదు. ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. మా ఆయనది ఓడ మీద ఉద్యోగం. ఏదైనా జరిగితే ఆయన ఫోను దొరకడానికే రోజులు పట్టవచ్చు. అందుకే మొన్న పాత సామాన్ల బజారుకు వెళ్లి ఒక వేటగాళ్ల సంచి కొన్నాను. లోపల గట్టి చట్రం, వెడల్పాటి నడుం పట్టా, ఎంత బరువైనా మోసే రకం. కొట్టతను నన్నూ సంచినీ మార్చి మార్చి చూసి, "ఏ అడవికి వెళ్తున్నారు, అమా?" అని బర్మీస్‌లో అడిగి నవ్వాడు. అమా అంటే అక్క. నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చినప్పటి నుంచి దాన్ని నింపడం, మళ్లీ ఖాళీ చేయడం, ఇదే పని. మందులు, నీళ్లు, ఇంటి కాగితాలు, అటుకులు, పిల్లల బట్టలు. ఏది పెట్టినా మరొకటి మర్చిపోయానేమో అనిపిస్తుంది. అన్నీ పెడితే లేవలేను.

చేతులు ఊరుకోవడం లేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

అప్పట్లో మేము తాకేటా పేటలో, వాగుకు దగ్గరగా, పల్లపు సందులో ఉండేవాళ్లం. వానకాలమంతా ఇళ్ల కింద నీళ్లు నిలిచేవి. రోడ్డు చేరాలంటే మురుగు కాలువ మీద పరిచిన పలకల మీద నడిచిపోవాలి. నాన్న పోయాక మా అమ్మ కుట్టు మిషనే ఇంటికి అన్నం పెట్టేది. పున్నానికి వాగు పోటెత్తి, అదే రోజు గట్టి వాన కూడా పడితే నీళ్లు గుమ్మం దాటి లోపలికొచ్చేవి. అప్పుడు మెరక మీదున్న బౌద్ధ మఠానికి వెళ్లి తలదాచుకునేవాళ్లం. బట్టలు, బియ్యం నెత్తిన పెట్టుకుని పోవచ్చు. మిషను తలకాయ, అంటే బల్ల మీదుండే ఇనుప భాగం, మాత్రం ఇద్దరు పట్టుకుంటే తప్ప కదిలేది కాదు. ఆ ఇద్దరూ ఒకేసారి నడవడానికి పలక వెడల్పు చాలదు.

అందుకని మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఒక రోజు ఎక్కడి నుంచో వేటగాళ్ల సంచి పట్టుకొచ్చాడు. ఎవరో విదేశీయుడు వాడి పారేసినదట. ఎక్కడో కొండల్లో వేటాడేవాళ్లు దుప్పి మాంసమంతా దాంట్లో వేసుకుని ఒక్కళ్లే దిగిపోతారట. అమ్మ దాన్ని తగిలించుకుని, మోపు నెత్తికి దగ్గరగా ఉంటేనే తేలికని అలవాటైన మనిషి కాబట్టి, భుజం పట్టీలను వీలైనంత పైకి బిగించేసింది. సంచి మెడ దగ్గరకు ఎక్కి కూర్చుంది. నడుం పట్టా ఎందుకో తెలియక వదిలేస్తే తోకలా వేలాడింది. ఇంట్లో ఇటు నుంచి అటు నడిచేసరికి అమ్మ భుజాలు ఎర్రబడ్డాయి.

మా తాతయ్య వయసులో ఉన్నప్పుడు బోటాటౌంగ్ రేవులో బస్తాలు మోసినవాడు. వేలాడే ఆ పట్టాను చూడగానే లోపలికి వెళ్లి కత్తి తెచ్చాడు.

"ఏటి నాన్నా, ఏటి సేత్తన్నావు?" అని మావయ్య అడ్డుపడ్డాడు.

"కోసెత్తాను. మోతని ఒంటికి కట్టుకుంటారేట్రా ఎవులైనా?"

"దాని బలమంతా ఆ పట్టాలోనే ఉంది నాన్నా! అది కోసెత్తే మిగిలింది గోనిసంచే."

"గోనిసంచైతే ఏటి? గోనిసంచులు మోసే నిన్ను పెంచినాను."

మావయ్య పట్టాను గుప్పిట పట్టుకున్నాడు. "ఏటగాళ్లు దీన్ని కట్టుకునే కొండ దిగుతారు," అని గొణిగాడు.

"ఆల కాళ్ల కింద కొండుంది. మన కాళ్ల కింద నీల్లున్నాయి," అన్నాడు తాతయ్య.

రేవులో వాళ్లకో కట్టుబాటు ఉండేదని అప్పుడు చెప్పాడు. ఓడకూ ఒడ్డుకూ మధ్య పలక మీద నడిచే మనిషి బస్తాను మెడ మీద ఆనించుకుంటాడు, ఒక చేత్తో పట్టుకుంటాడు, అంతే. తాడుతో కట్టుకోడు. కాలు జారితే బస్తాను నదిలోకి విసిరేసి తను బతకాలి. తాతయ్యతో పనిచేసినవాడు ఒకడు, చెయ్యి నొప్పిగా ఉందని, ఒక రోజు బస్తాను తుండుగుడ్డతో ఛాతీకి కట్టుకున్నాడట. ఆ కథ తాతయ్య అక్కడితో ఆపేశాడు.

కత్తి ఇంకా తాతయ్య చేతిలోనే ఉంది. అమ్మ మాత్రం, కోసే ముందు ఒక్కసారి చూద్దామంది. మావయ్య తనకు తెలిసినట్టు సర్దాడు. సంచి కొలత చూసేది మనిషి పొడవును బట్టి కాదు, వీపు పొడవును బట్టి అన్నాడు. మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి నడుం ఎముక పై అంచు వరకు జానలతో కొలిచి, భుజం పట్టీలను చట్రం మీద కిందికి దించి అమర్చాడు. అడుగున బొంతలు కుక్కి, వాటి మీద మిషను తలకాయను వీపుకు ఆనేటట్టు నిలబెట్టి, చుట్టూ గుడ్డలు దోపాడు. అన్ని పట్టీలూ వదులు చేసి, మొదట నడుం పట్టాను తుంటి ఎముకల మీద కూర్చోబెట్టి బిగించాడు. ఆ తర్వాతే భుజం పట్టీలు, అవి కూడా ఒంటిని తాకేంతే. భుజాల పైనుండే చిన్న పట్టీలను చివర్లో లాగితే, వెనక్కి వాలుతున్న సంచి ముందుకొచ్చి వీపుకు అతుక్కుంది.

అమ్మ రెండడుగులు వేసి ఆగిపోయింది. "నాన్నా," అంది, "బుజాల మీద ఏటీ లేదు. పిల్లని సంకనేసుకున్నట్టుంది."

తాతయ్య కత్తి కింద పెట్టాడు. ఓడిపోయినట్టు కాదు, ఆలోచిస్తున్నట్టు. చాలాసేపు చుట్ట కాలుస్తూ ఆ సంచినే చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"ఏటే గుంటా, నువ్వు మోత్తావా?"

నేను ఎగిరి గంతేశాను. మిషను తీసేసి బియ్యం మూటలు పెట్టాడు. పట్టీలన్నీ కుదించి నా నడుముకు బిగించాడు. ముంగిట్లో బొంత పరిచి, నా భుజాలు పట్టుకుని మెల్లగా వెనక్కి వాల్చేశాడు. "ఇప్పుడు లెగు," అన్నాడు.

నేను ముందే చెప్పిన క్షణం అదే. పక్కింటి బర్మా అవ్వ గుమ్మంలోంచి చూసి, తాబేలు, తాబేలు అని చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపొచ్చింది. తాతయ్య లేపలేదు. "నీ బొడ్డు కాడ ఏటుందో తడిమి సూడు," అన్నాడు అంతే. తడిమాను. నల్లటి ప్లాస్టిక్ క్లిప్పు దొరికింది. రెండు వైపులా నొక్కితే టక్కుమని విడిపోయింది. భుజం పట్టీల్లోంచి చేతులు లాగేసుకుని, పాకుతూ బయటపడ్డాను.

ఆ తర్వాత అమ్మ వంతు. మిషను బరువుతోనే. కళ్లకు గుడ్డ కట్టి, చేతుల మీద నీళ్లు పోసి, ఒంటి చేత్తో క్లిప్పు విప్పించాడు. ఒకసారి కాదు, అమ్మ విసుక్కునేదాకా. "సాలు నాన్నా, జనం నవ్వుతున్నారు," అంటే, "నవ్వనీ. నవ్వే జనం ఉన్నప్పుడే నేర్సుకోవాల," అన్నాడు. పట్టా కోయకుండా వదిలేయడానికి ఆయన పెట్టిన షరతు అదొక్కటే.

అవసరం ఆ నెల పున్నానికే వచ్చింది. మావయ్య పనికి వెళ్లాడు. మధ్యాహ్నం నుంచే వాగు ఎగదన్నుతోంది, పైన వాన. నీళ్లు గుమ్మం ఎక్కేసరికి అమ్మ మిషను తలకాయను సంచిలో కట్టేసింది. జారితే త్వరగా బయటపడేలా, రెండు భుజం పట్టీలను ఛాతీ మీద కలిపే చిన్న పట్టీని తాతయ్య విప్పించాడు, భుజం పట్టీలు కాస్త వదులు చేయించాడు. నన్ను ముందు నడిపిస్తూ తనూ పలక మీదికెక్కాడు. పలక నీళ్ల కింద ఉంది, కనబడదు, కాలితో వెతుక్కోవాలి. అమ్మ మా వెనక వస్తోంది. నాకు చప్పుడేమీ వినబడలేదు. వెనక్కి తిరిగేసరికి అమ్మ ఉండాల్సిన చోట నీళ్లున్నాయి.

మనిషి మునిగేంత లోతు కాదది. కానీ పలక కట్టు తెగి అమ్మ వెనక్కి పడింది, మిషను ఆమెను వెల్లకిలా కిందికి లాగేసింది. నేను ముంగిట్లో పడి ఉన్నట్టే. తాతయ్య పలక మీద బోర్లా పడుకుని చెయ్యి చాపి అరుస్తున్నాడు. "ఒగ్గేయ్! ఒగ్గేయే తల్లీ!" నీళ్లలో అమ్మకు అది వినబడిందో లేదో తెలియదు. బుడగలు వచ్చాయి. తర్వాత అమ్మ తల వచ్చింది. సంచి రాలేదు.

పలక పట్టుకుని దగ్గుతూ అమ్మ అన్న మొదటి మాట, "మిసను." మళ్లీ దిగబోయింది. తాతయ్య ఆమె జడ పట్టుకుని ఆపాడు. "అది ఇనుం. దానికి ఊపిరాడకపోతే ఏటీ అవ్వదు. నువ్వు పైకి రా," అన్నాడు.

నీళ్లు తీసిన తర్వాత మావయ్య రేవులో వాడే కొంకి తెచ్చి సంచిని పైకి లాగాడు. మిషనును కిరసనాయిలులో ముంచారు, ఎండబెట్టారు, నూనె పోశారు. చక్రం తిరిగింది. దారం మాత్రం కుట్టుకోసారి తెగిపోయేది. అది ఇక బాగుపడలేదు. అమ్మ రోజూ బస్సెక్కి లత పేటలో ఒకరి కొట్టుకు కూలికి కుట్టడానికి వెళ్లేది. ఒక సాయంత్రం అలిసిపోయి వచ్చి, అన్నం వడ్డిస్తూనే తాతయ్య మీద విరుచుకుపడింది. నీ మాట వినే ఒగ్గేశాను, ఇంకొక్క క్షణం ఆగి ఉంటే సంచితో సహా లేచేదాన్నేమో, ఇప్పుడు మరొకరి మిషను దగ్గర కూర్చుంటున్నాను అని. తాతయ్య ముద్ద కలుపుతూ విన్నాడు. "తిట్టు," అన్నాడు. "తిట్టడానికి ఉన్నావు. నాకదే సాలు."

అమ్మ ఆయన కంచంలో మళ్లీ అన్నం పెట్టింది.

ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. మెట్ల మీద చిన్నవాడు నా ఛాతీ మీదుంటాడు, పెద్దది చెయ్యి పట్టుకుంటుంది. కాబట్టి భుజాలు ఖాళీగా ఉండాలి, బరువు తుంటి మీదే పడాలి. మావయ్య చెప్పిన వరసలోనే సర్దాను. అడుగున బట్టలు, వీపుకు ఆనుకుని నీళ్లు, పైన మందులూ కాగితాలూ. నడుం పట్టా ముందు, భుజాలు తర్వాత. నిలబడితే బాగానే ఉంది. సరిపోయిందని దీపం ఆర్పబోతుంటే తాతయ్య గుర్తొచ్చాడు. ఈ వయసులో, ఒంటరిగా, ముందు గదిలో చాప మీద సంచితో సహా వెల్లకిలా పడుకున్నాను. కళ్లు మూసుకుని ఒంటి చేత్తో క్లిప్పు నొక్కాను.

అది విడలేదు.

మళ్లీ నొక్కాను. రెండు చేతులతో నొక్కితే గానీ రాలేదు. ఎవరి అడవిలోదో, ఏ ఏటి ఒడ్డుదో, క్లిప్పు నిండా సన్నటి ఇసుక ఇరుక్కుని ఉంది. లేచి చాప మీదే కూర్చున్నాను. తర్వాత పాత పళ్ల బ్రష్షుతో, వేడి నీళ్లతో, సూది మొనతో ఆ ఇసుకంతా తీశాను. ఇప్పుడు ఒక్క వేలితో విడుతోంది. చివర్లో కుక్కిన మూడు పట్టుచీరలు, నా పెళ్లి ఫొటోల పుస్తకం సంచిలోంచి తీసి బీరువాలో పెట్టేశాను. అవి ఉంటే నా చెయ్యి క్లిప్పు దగ్గర ఒక్క క్షణం ఆగుతుందని నాకు తెలుసు.

తెల్లవారింది. పిల్లలకు ఏం చెప్పానో కూడా రాసి ముగిస్తాను. బడి సంచులు తగిలించి ఇద్దరినీ చాప మీద వెల్లకిలా పడుకోబెట్టాను. చిన్నవాడు తాబేలులా కాళ్లు ఆడించి విరగబడి నవ్వాడు. వాళ్లు చేతులు విడిపించుకుని లేచాక దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. అమ్మ ఎప్పుడైనా ఒగ్గేయ్ అని అరిస్తే, మోస్తున్నది ఏదైనా సరే వదిలేయాలి, ఎందుకని అడగకూడదు, వెనక్కి చూడకూడదు, అమ్మ చెయ్యి ఒక్కటే పట్టుకోవాలి అన్నాను.

పెద్దది ఆలోచించింది. "నా బొమ్మ కూడానా, అమ్మా?" అంది.

"నీ బొమ్మ కూడా."

"నువ్వు రాత్రంతా సర్దావు కదా, ఆ పెద్ద సంచి?"

"అదే ముందు," అన్నాను.