వాయిదాల జానకిరామయ్య గారు, అంగారక గ్రహం కేసు

మా పక్కింటి జానకిరామయ్య గారు జీవితంలో ఏ సంగతీ ఆ పూటకి ఆ పూట తేల్చి ఎరగరు. వాయిదా వేస్తారు. కోర్టులో ముప్పైరెండేళ్ళు బెంచ్ క్లార్కుగా పనిచేసి రిటైరయ్యారు. కోర్టు ఆయన్ని వదిలింది గానీ ఆయన కోర్టుని వదల్లేదు.

వంకాయ కూరా, దోసకాయ పప్పా అని భార్య సుబ్బరత్నమ్మ గారు అడిగితే, "ఇరుపక్షాల వాదనా వినాలి గదా" అంటారు. ఆవిడ వంకాయ తరఫున రెండు ముక్కలు, దోసకాయ తరఫున రెండు ముక్కలు చెబుతుంది. "సరే, రేపటికి వాయిదా" అంటారు. ఆ పూటకి చారు.

"అన్నయ్య గారూ, పెళ్ళిచూపులకొచ్చి ఈయన ఏమన్నాడో తెలుసా?" అని ఆవిడ ఒకసారి నాతో మొర పెట్టుకుంది.

"ఏమన్నారమ్మా?"

"పిల్ల తరఫు సాక్షులెవరన్నా ఉన్నారా అన్నాడు. మా నాయన అక్కడికక్కడే ముహూర్తం పెట్టించాడు గాబట్టి సరిపోయింది. లేకపోతే ఇయ్యాల్టికీ హియరింగు నడుస్తానే ఉండేది."

బట్టల కొట్టు జిలానీ అయితే ఆయన్ని వీధి మలుపులో చూడగానే రెండు చొక్కాలు పొట్లం కట్టేసేవాడు. "రెండూ తీసకపో సార్. ఓడిపోయిన చొక్కాని నిదానంగా పంపియ్యి."

ఇలాంటి మనిషి దగ్గరికి ఒక ఆదివారం ఒక దావా వచ్చింది.

వాది హర్ష, విత్తనాల కొట్టు. ప్రతివాది బెంజిమిన్, సెల్‌ఫోన్ల రిపేరు. ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ. రెండేళ్ళ కిందట వార్డు నాయకుడి పుట్టినరోజుకి హర్ష ఫ్లెక్సీ వేయించాడు. అందులో బెంజిమిన్ ఫొటో కింది వరసలో పడింది. పడితే పడింది, ఫ్లెక్సీని చట్రానికి దిగ్గొట్టేటప్పుడు మేకు సరిగ్గా బెంజిమిన్ ముక్కు మీద దిగింది. వారం రోజులు నరసరావుపేట సెంటర్లో ముక్కున మేకుతో వేళ్ళాడాడు. ఆనాటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

మాటలు పోయాయి గానీ అభిరుచులు పోలేదు. ఫోన్లో ఒకే రకం వీడియోలు చూసి, ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే పిచ్చిలో పడ్డారు. బొటనవేలంత సైనికుల బొమ్మలు, వాళ్ళ చేతుల్లో ఈ లోకానివి కాని తుపాకులు, బల్ల మీద పరిచిన అంగారక గ్రహం. టేపుతో కొలిచి బొమ్మను జరపాలి, పాచిక వేసి పేల్చాలి. జట్టుకి ఐదుగురే. హర్ష తెప్పించిన ఆట పేరు ఘోస్ట్ ఆర్బిట్. బెంజిమిన్ తెప్పించింది రెడ్ క్రేటర్. ఊరు మొత్తం మీద ఇలాంటి ఆట తెలిసినవాళ్ళు ఇద్దరంటే ఇద్దరు. వీళ్ళే. ఆ సంగతి బయటపడగానే పోటీ పుట్టింది.

"ఎవరి ఆట గొప్పదో నువ్వే తేల్చు బాబాయ్," అన్నాడు హర్ష. "ఓడినోడు బొమ్మలు అమ్ముకోని పోవాల. మళ్ళీ ఈ గడప తొక్కగూడదు."

"దానికి నేను కూడా ఒప్పుకున్నానని ఆయనకి చెప్పు బాబాయ్," అన్నాడు బెంజిమిన్ గోడ వైపు చూస్తూ.

"మరి గెలిచినవాడు ఎవరితో ఆడతాడు?" అని నేను అడిగాను. ఇద్దరూ నన్ను జాలిగా చూశారు. పల్నాటి పౌరుషానికి ఎదుటివాడు ఓడితే చాలు. తరవాతి సంగతి తరవాత.

జానకిరామయ్య గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నీ ఆట గురించి నువ్వు చెబితే అది వాదన. ఎదుటోడి ఆట ఆడి చెబితే సాక్ష్యం. నాకు సాక్ష్యం కావాల. ఒక వారం ఈ ఆట, ఒక వారం ఆ ఆట. బెంజిమిన్ చర్చి నుంచి వచ్చినాక, పదకొండున్నరకి హాజరు."

జానకిరామయ్య గారి భోజనాల బల్ల అంగారక గ్రహమైంది. పిడుగురాళ్ళ సున్నపురాళ్ళకి ఎర్ర రంగు వేసి కొండలు చేశారు. సుబ్బరత్నమ్మ గారు పచ్చడికి దాచుకున్న ఎండుమిరపకాయలు అక్కడి చెట్లయ్యాయి. యుద్ధం మాత్రం పరమ మర్యాదగా సాగేది.

"బాబాయ్, ఆయన గారి బొమ్మ ఆరంగుళాలు దాటిందని చెప్పు."

"బాబాయ్, టేపు వంకరగా పెట్టింది వారేనని చెప్పు."

ఇద్దరి మధ్యా దూరం రెండడుగులు. జానకిరామయ్య గారు అటోసారి, ఇటోసారి తిరిగి కబురు అందించేవారు. సాయంత్రానికి సుబ్బరత్నమ్మ గారు ఆయన మెడకి అమృతాంజనం రాసేది.

"మా ఆటలో ఒకడు కదుల్తా ఉంటే రెండోవాడు దిష్టిబొమ్మలాగా నిలబడడు బాబాయ్. అప్పటికప్పుడే తిరిగి కాలుస్తాడు," అని హర్ష వాదన.

"వారి రూల్సు నూట ఎనభై పేజీలు బాబాయ్!" అన్నాడు బెంజిమిన్. " చదివేటప్పటికే పెన్షన్ వయసు వచ్చిద్ది. మాది నలభై పేజీలే. గంటలో తేలిపోయిద్ది."

"తేలిపోయిద్దా?" జానకిరామయ్య గారి మొహం చిన్నబోయింది.

వాయిదాలు మొదలయ్యాయి. కరెంటు పోయిందని ఒకటి. పాచిక ఫ్రిజ్ కిందికి దొర్లిందని ఒకటి. ఒక బొమ్మ చెయ్యి ఊడితే, "సాక్షికి గాయమైంది, జిగురు ఆరనియ్యండి" అని ఇంకొకటి. ఐదు నెలలు గడిచాయి. ఆదివారాలు ప్రశాంతంగా చదువుకునే నాకు గోడ అవతల నుంచి అంగారక యుద్ధాలు వినబడేవి.

"ఏదో ఒకటి చెప్పేయండి మహాప్రభో," అన్నాను.

"కాగితాలు పరిశీలనలో ఉన్నాయి మాస్టారూ," అన్నారు.

చివరికి ఒక ఆదివారం, నేను అక్కడుండగానే, బెంజిమిన్‌కి ఓపిక చచ్చిపోయింది. సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇయ్యాల ఆఖరు బాబాయ్. ఈ ఆటలో ఎవరు గెలిస్తే కేసు వాళ్ళది. తేల్చకపోతే బొమ్మలు సంచిలో వేసుకోని పోతా. ఇంక రాను."

"వారు రాకపోతే నేనూ రానని చెప్పు," అన్నాడు హర్ష.

జానకిరామయ్య గారి మొహంలో రంగు తగ్గడం నేను మొదటిసారి చూశాను.

ఆరోజు ఘోస్ట్ ఆర్బిట్. మధ్యాహ్నానికి బెంజిమిన్‌కి ఒక్క బొమ్మ మిగిలింది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని సున్నపురాయి గోడ పక్కగా జరుపుతున్నాడు. గోడ వెనక హర్ష తుపాకీవాడు కాచుకుని ఉన్నాడు. ఇంకొక్క అంగుళం జరిగితే ఆట హర్షది, కేసు హర్షది.

"ఒరేయ్ బెంజీ! అటు పోబాకరా! గోడెనక నావోడున్నాడు!"

అరిచింది హర్షే. బెంజిమిన్ బొమ్మను అక్కడే వదిలి తల ఎత్తాడు.

"మేకు కొట్టేటప్పుడు గూడా ఇట్టాగే అరిచి ఉంటే నా ముక్కు మిగిలేది గదరా!"

"మేకు నేను కొట్టాన్రా? నేను నిచ్చెన పట్టుకున్నా! పైన ఏం జరిగిందో నాకేం దెలుసు?"

"రెండేళ్ళు ఆ ముక్క చెప్పి చావొచ్చు గదా!"

"నువ్వు ఫోనెత్తితే గదరా!"

జానకిరామయ్య గారు లేచారు. "కేసు కొట్టేశాను."

"అదేంది బాబాయ్! తీర్పేది?" ఇద్దరి గొంతూ ఒకటే.

"వాది, ప్రతివాది ఒకరినొకరు ఒరేయ్ అనుకునే కేసు ఏ కోర్టులో నిలవదు. పొండి."

"ఐదు నెలలు తిప్పుకున్నాడు చూడరా," అని తిట్టుకుంటూ ఇద్దరూ హర్ష బండెక్కి బిర్యానీకి పోయారు. బెంజిమిన్ బండి గేటు దగ్గరే ఉండిపోయింది.

"ఇంతకీ ఏ ఆట గొప్పదండీ?" అన్నాను.

"హర్షదే. రెండు ఆటలూ ఒక్కోసారి చూడగానే తేలింది. ఎదుటోడికి జవాబు చెప్పుకునే హక్కుంది గదా అందులో."

"మరి ఈ ఐదు నెలలూ?"

"తీర్పు రోజున ఒకడు నవ్వుకుంటా, ఒకడు తిట్టుకుంటా ఎవరి దారిన వాళ్ళు పోతారు మాస్టారూ. వాయిదా రోజున అట్టా గాదు. ఒకే ఊరి నుంచి ఒకే బస్సులో వస్తారు. పేరు పిలిచిందాకా ఒకే చెట్టు కింద కూర్చోవాల. పదో వాయిదాకి ఒకడి చుట్ట ఇంకొకడు వెలిగిస్తాడు. కోర్టులో జడ్జి గారు వేసిన తారీఖులు చదవడమే నా పని. ఇక్కడ నేనే వేశా."

సుబ్బరత్నమ్మ గారు అన్నాలకి బల్ల తుడవడానికి తడిగుడ్డతో వచ్చింది. బెంజిమిన్ ఆఖరి బొమ్మ గోడ చివరకి అంగుళం ఇవతల ఇంకా నిలబడే ఉంది. జానకిరామయ్య గారు గబుక్కున దానికి చెయ్యి అడ్డం పెట్టారు.

"దాన్ని కదపమాక. వచ్చే ఆదివారం అక్కణ్ణుంచే మొదలెడతారు."

ఆ వారమంతా ఆ దంపతులు నేల మీదే భోంచేశారు.