జేబులో పగిలిన సీసా

ముప్పై మూడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అలవాటైన బరువు కాబట్టి నా నడకలో ఎవరికీ తేడా కనిపించలేదు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

సైన్యంలో నర్సుగా చేసి, రిటైరయ్యాక మహారాష్ట్రలో గోదారి ఒడ్డునున్న మా ఊరు సిరోంచలో స్థిరపడ్డాను. పనిలో నన్ను వేలెత్తి చూపినవాళ్లు లేరు. డెబ్బై ఒకటి యుద్ధం ముగిసిన రోజు గురించి చెప్పమని ఇక్కడి బడిలో ఏటా పిలుస్తారు. మరాఠీలో గడగడా చెబుతాను. రేడియోలో వార్త రాగానే అందరం ఆసుపత్రి ముంగిట్లోకి పరుగెత్తడం, డాక్టర్లు కూడా గంతులేయడం, పళ్లేల నిండా జిలేబీలు. పిల్లలు చప్పట్లు కొడతారు. అదంతా నిజమే. నా ఏప్రన్ జేబు సంగతి మాత్రం చెప్పను.

మా వార్డులో, సిరోంచ దగ్గరి అంకిస అనే ఊరి కుర్రాడొకడు ఉండేవాడు. కడుపులో తూటా. ఇక బతకడు, ఏమడిగినా ఇచ్చెయ్యండని డాక్టర్ చెప్పేశాడు. అక్కడ తెలుగు మాట్లాడేది నేనొక్కదాన్నే. ఆ సాయంత్రం వాడు దిండు కింద నుంచి వేలెడంత గాజు సీసా తీసి నా చేతిలో పెట్టాడు.

"మా రేవుల గోదారి నీళ్లక్కా. అమ్మ పెట్టెల పెట్టింది. పానం పోయేటట్లున్నది, జర నోట్ల పొయ్యి."

అప్పుడే బయట కేకలు లేచాయి. యుద్ధం అయిపోయిందట.

"అయిదు నిమిషాలు ఆగు తమ్మీ, ఇప్పుడే వస్త" అని సీసా జేబులో వేసుకుని వెళ్లాను.

ఎంతసేపు ఆడాను? గుర్తు లేదు. ఎవరో గట్టిగా వాటేసుకున్నారు, జేబులో సీసా పగిలింది, తొడ తడిసింది. తెలిసింది. అయినా ఆడాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, ఇక కొత్త శవాలు రావన్న సంతోషం, అది తప్పని ఇవాళ్టికీ అనను. కానీ గాజు పెంకులు జేబులో ఉండగా ఇంకో పాటకు ఎందుకు ఆగాను?

తిరిగొచ్చేసరికి వాడింకా బతికే ఉన్నాడు. కూజాలో నీళ్లు చెంచాతో పోశాను. ఒక గుక్క మింగి నా ముఖంలోకి చూశాడు.

"గివి మన నీళ్లు గావక్కా."

ఆ రాత్రే పోయాడు.

సెలవు మీద వచ్చినప్పుడు వాళ్లమ్మ దగ్గరికి వెళ్లాను. మీ నీళ్లే తాగి నవ్వుతూ పోయాడని చెప్పాను. ఆఖరి నీళ్లు పోసినదానివి, ఇగ నువ్వు నా బిడ్డవేనంది. అప్పటినుంచి ప్రతి బతుకమ్మకు ఆడబిడ్డకు పెట్టినట్టే నాకు చీర పెట్టింది. నేను నౌకరీలో ఉండి రాలేని ఏళ్ల చీరలు కూడా దాచి, రిటైరై వచ్చాక ఒక్కసారే ఇచ్చింది. సిగ్గు లేకుండా అన్నీ కట్టాను.

పోయిన నెల ఆమె మంచం పట్టింది. కొడుక్కు పోసిన చేతితోనే తనకూ పోయాలని కబురు పెట్టింది. నేనే అంకిస రేవులో దిగి చెంబు ముంచుకుని వెళ్లాను. ముందు నిజం చెప్పి, తర్వాత నీళ్లు పోయాలనుకున్నాను. నన్ను చూడగానే ఆమె నోరు తెరిచింది. పోశాను.

"మన నీళ్లే బిడ్డా" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. తెల్లారి ఆమె పోయింది.

క్షమించగలిగిన ఇద్దరూ లేరు. మిమ్మల్ని అడగను, అది మీరిచ్చేది కాదు. వాడికి నేను పోసింది కూజా నీళ్లు. ఈ మాట ఇన్నాళ్లకు నా చేత్తో రాశాను.