మర్నాడే లేపేస్తారట

మొన్న ఇర్వింగ్‌లోని మిత్రుడు వాళ్లమ్మగారి ఎక్స్‌రేను ఫోన్‌కి పంపితే, తుంటి ఎముకలో తెల్లగా మెరుస్తున్న ఆ స్క్రూ చూడగానే, ఎనభైల తొలినాళ్లలో కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో మా అత్తగారు పడిన రోజు గుర్తొచ్చింది. నా భార్య పురిటికని వచ్చిన ఆవిడ, పాప పుట్టిన వారానికే తడి స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. పచ్చి బాలింత ఇల్లు కదలలేదు కనుక, ఆస్పత్రిలో డాక్టరు మాట ఆవిడకీ, ఆవిడ మాట డాక్టరుకీ చేరవేయడానికి నేనొక్కణ్ణే మిగిలాను.

చిక్కల్లా ఏమిటంటే, పెళ్లయి మూడేళ్లయినా ఆవిడ నాతో నేరుగా మాట్లాడి ఎరగరు. మా వైపు అత్తగార్లకు అది మర్యాద. ఏం కావాలన్నా కూతురి చేత అడిగించేవారు. కూతురు లేని ఆ గదిలో ముఖం గోడవైపు తిప్పుకుని, తెలుగు ముక్క రాని నర్సుతో, “అమ్మాయ్, నాకు ఆపరేషనూ వద్దు, గీపరేషనూ వద్దని అల్లుడుగారితో చెప్పు” అన్నారు. ఆ పిల్ల తెల్లబోయి నావైపు చూసింది.

తుంటి విరిగిన తన అత్తగారు, కాలికి ఇసుక సంచి కట్టించుకుని, పడుకున్న మంచం మీదే పోవడం ఆవిడ కళ్లారా చూశారు; ఎలాగూ లేవనప్పుడు ఇంకా కోత ఎందుకన్నది ఆవిడ వాదన. ఆపరేషన్ చేయించకపోతేనే ఆ గతి పడుతుందని డాక్టరు అంటున్నాడు. మెకానికల్ ఇంజనీరును కదా, ముందు స్క్రూ, తర్వాత దాన్ని పట్టి ఉంచే ప్లేటు, ఆపైన బరువు పడేకొద్దీ స్క్రూ జరిగి విరిగిన ముక్కలు ఎలా దగ్గరపడతాయో వరసగా వివరించాను. ఆవిడ గోడవైపే చూస్తూ, “వద్దన్నానని చెప్పమ్మాయ్” అని మళ్లీ నర్సుకే చెప్పారు.

చివరికి డాక్టరు, ఆపరేషనైన మర్నాడే ఆవిణ్ణి నిలబెడతాం, అదొక్కటి చెప్పమన్నాడు. ఆ సంబరంలో నేను, “మర్నాడే మిమ్మల్ని లేపేస్తారట, అత్తయ్యగారూ!” అనేశాను. ఆ మాటకి పైకి పంపేయడమనే అర్థం కూడా ఉందని అన్నాక గాని తట్టలేదు.

ఆవిడ గిరుక్కున తల తిప్పి సూటిగా నన్నే చూశారు. “లేపేస్తారా? అంత విసుగొచ్చిందా బాబూ, నేనంటే?”

నేను నాలుక కరుచుకుని సర్దుకోబోతుంటే, ఆవిడ నొప్పికి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే పకపకా నవ్వారు. నవ్వు తగ్గాక, నిజంగా నిలబడతానా అని కూడా నన్నే అడిగారు. నిలబడతారన్నాను. “అయితే కానివ్వండి” అన్నారు.

ఆపరేషనైన మర్నాడు వాకర్ పట్టుకుని నిలబడి, రెండడుగులు వేసి, ఆయాసపడుతూనే, “అమ్మాయికి ఫోన్ చేసి మీరే చెప్పండి బాబూ” అన్నారు.

ఇప్పటి అత్తగార్లు అల్లుళ్లతో ఒకే సోఫాలో కూర్చుని కబుర్లు చెబుతున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది. కానీ మూడేళ్ల తర్వాత దక్కిన తొలి మాట, అదీ దెప్పిపొడుపే అయినా, ఎంత తియ్యగా ఉంటుందో ఈ పిల్లలకి నేను చెప్పి ఒప్పించలేను. మన ఈడువాళ్లకైతే చెప్పనక్కర్లేదు.