అక్క చేతికి వేసిన సూది

నా చిన్నప్పుడు కర్నూల్లో ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం నాది. చుట్టూ ఉన్న పిల్లలు జ్వరాలు తగ్గి ఇళ్ళకు పోయేవాళ్ళు, వాళ్ళ మంచాల్లోకి కొత్తవాళ్ళు వచ్చేవాళ్ళు. నేను మాత్రం ఆడనే ఉండిపోయాను. నాకు చక్కెర జబ్బు. పిల్లలకు ఆ జబ్బు వస్తుందని ఆలూరు దగ్గరి మా పల్లెలో ఎవరూ విననైనా వినలేదు. ‘బెల్లం దొంగతనంగా తినింటాది’ అని మా అవ్వే అనేసింది. నోరెండిపోయి చెంబులకు చెంబులు నీళ్ళు తాగే పిల్లను పట్టుకొని ఆ మాట! ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

పొద్దునా సాయంత్రం సూది పడితేనే నేను బతికేది. మా పల్లెలో సూది వేసేవాళ్ళు లేరు. ఇంట్లో ఎవరో ఒకరు నేర్చుకుంటేనే పంపిస్తామని పెద్ద డాక్టరు తేల్చి చెప్పాడు. మా నాయన బళ్ళారిలో పనికి పోయి ఉన్నాడు. మా అమ్మేమో సిరంజి పట్టుకొని నా తొడ దగ్గరికి తెచ్చి, చెయ్యి గడగడ వణికిపోయి, దాన్ని మంచం మీదే వదిలేసి వరండాలోకి పోయి ఏడ్చింది. ‘నా బిడ్డను నేనెట్ల పొడిచేది సారూ’ అని ఒకటే మాట. ఇంటికాడ చేన్లో వేరుశనగ బుడ్డలు పీకే కాలం. పోకపోతే ఏడాది కష్టమూ మట్టిలోనే ఉండిపోతుంది. నన్ను వార్డు ఆయమ్మకు అప్పజెప్పి పోయింది. కిటికీ బయట ఒకసారి నిలబడి చెయ్యి ఊపింది. వార్డు నిండా జనమే, కానీ ఆ జనంలో నావాళ్ళు ఒక్కరూ లేరు. తల్లి కొంగు పట్టుకొని నడిచే పిల్లల్ని చూస్తే మొహం కిటికీ వైపు తిప్పుకునేదాన్ని.

అప్పుడు వచ్చింది అక్క. సొంత అక్క కాదు, నేనట్ల పిలిచేదాన్ని. రాజంపేట పక్క పల్లె వాళ్ళది. డాక్టరు చదువు ఆఖరి పరీక్ష ఒకసారి తప్పింది. కూడా చదివినవాళ్ళంతా పాసై ముందుకు పోయారు. వెనకొచ్చిన పిల్లలు గుంపులుగా కూర్చొని చదువుకుంటుంటే ఈమెను రమ్మన్నవాళ్ళు లేరు, వద్దన్నవాళ్ళూ లేరు. ఆదివారం చర్చి నుంచి కూడా నేరుగా వార్డుకే వచ్చేది, చంకలో దిండంత పుస్తకంతో. చదువంతా తలలో ఉందట గానీ, పరీక్ష పెట్టే సార్ల ఎదుట నిలబడితే గొంతు పెగలదట.

‘పాపా, నువ్వే సారువి. మీసం తిప్పి అడుగు నన్ను’ అనేది. ఏమడగాలో కూడా తనే చెప్పేది. తలలో శనగగింజంత గ్రంథి ఉంటుందని, మెడలో ఒకటి, మూత్రపిండాల మీద టోపీల మాదిరి రెండు ఉంటాయని, అవి ఎక్కువ పనిచేస్తే ఏమవుతుంది, తక్కువ చేస్తే ఏమవుతుంది అని పాఠమంతా నాకు అప్పజెప్పేది. నేను ప్రతిదానికీ ‘ఎందుకు?’ అని అడిగేదాన్ని. గొంతు తగ్గిస్తే ‘వినపడలే, గట్టిగా చెప్పు!’ అని గద్దించేదాన్ని. అక్క నవ్వు ఆపుకోలేక పుస్తకం మూసేసేది. ఆ కాసేపు నేను రోగిని కాను, ఆమె తప్పిన పిల్లా కాదు.

ఒక మధ్యాహ్నం నా జబ్బు పాఠం వచ్చింది. ‘చక్కెర రక్తంలో పోతా పోతా ఒక్కో వాకిలి ముందర నిలబడుతుంది. గడియ తీసేది ఇన్సులిన్. నీకు ఆ గడియ తీసేవాళ్ళు లేరు పాపా’ అనింది. ‘యాడికి పోయినారు?’ అని అడిగాను. అక్క నా తల నిమిరింది. నాకెందుకో మా అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ‘సూది వెయ్యనీకి నువ్వు మా ఊరికి రారాదా అక్కా’ అని బతిమాలాను.

‘నేను రాలేను. నువ్వే నేర్చుకుంటావా?’ అంది.

మరుసటిరోజు బత్తాయికాయలు తెచ్చింది. వాటికి నీళ్ళసూది వెయ్యడం నాకు తొందరగానే వచ్చేసింది. ‘తిననీకి పనికిరాకుండా పండ్లన్నీ తూట్లు పొడిచినారు కదమ్మే!’ అని ఆయమ్మ తిట్టింది. అయితే నా తొడ దగ్గరికి సూది రాగానే నా చెయ్యి మా అమ్మ చెయ్యి అయిపోయేది. చీమ కుట్టినట్టే ఉంటుందని ఆయమ్మ, ఏమీ కాదని నర్సమ్మ. రోజూ పొడిపించుకునే నాకు తెలీదా? ‘నొస్తాది’ అని మొండికేసి కూర్చున్నాను. ఇక నా బతుకు ఆ మంచం మీదే అనుకున్నాను.

అక్క ఇంకో సిరంజి, సూది ఉడకబెట్టించి తెచ్చి, అందులో సెలైన్ నీళ్ళు కొంచెం ఎక్కించింది. నర్సమ్మ పక్కన నిలబడి ఉండగానే తెల్లకోటు చెయ్యి పైకి మడిచి నా ముందు పెట్టింది. ‘నాకు వెయ్యి’ అంది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ‘వెయ్యి పాపా, చూస్తాండా’ అని మళ్ళీ అంది. కళ్ళు సగం మూసుకొని పొడిచేశాను.

‘అబ్బా!’ అని అక్క పైకే అరిచింది. నేను సూది లాగేసి మంచం చివరికి జరిగాను. అక్క దూదితో తుడుచుకుంటూ, ‘అబద్ధమెందుకు, శానా నొచ్చింది’ అంది. ‘నొస్తాది, అయిపోతాది. ఆ మాట పైకి అనుకో. లోపలే పెట్టుకుంటే భయం పెరుగుతాది. రేపు సార్ల ఎదుట నేనూ అదే అనుకొని నోరు తెరుస్తా.’

నేను పైకే అన్నాను. నా మందు సిరంజి పట్టుకొని, మాట పూర్తయ్యేలోగా నా తొడకు నేనే వేసుకున్నాను. వెంటనే కిటికీ వైపు చూశాను, అమ్మ కనపడుతుందేమోనని. బయట ఎవరూ లేరు. అక్క ఒక్కతే చప్పట్లు కొట్టింది.

అమ్మ వచ్చిన రోజు ఆమె ఎదుటే వేసుకొని చూపించాను. కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని సందులోంచి చూసింది మా అమ్మ. ఆ రోజే మమ్మల్ని పంపించేశారు. మందు సీసా చల్లగా ఉండేటట్టు తడి ఇసుకలో కుండ పెట్టి, దాంట్లో దాచుకోవాలని నర్సమ్మ చెప్పింది. అక్క ఆ పొద్దు పరీక్షలో ఉంది. పోయొస్తానని చెప్పడానికి కూడా కుదరలేదు. పెద్దయ్యాక ఎంతమందిని అడిగానో, ఆమె ఏమైందో చెప్పినవాళ్ళు లేరు.

ఇప్పుడు సూదులు వెంట్రుకంత సన్నం, ఇన్సులిన్ నింపిన పెన్నుకు తగిలించి వేసుకోవడమే. మా ఆయన పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. పొద్దున్నే పెన్ను ఆనించి ‘నొస్తాది, అయిపోతాది’ అని పైకే అంటాను. ‘ఎవరితో మాట్లాడతాండావక్కా?’ అని ఎదురింటామె ఒకసారి అడిగింది. ఏం చెప్పను? ఆ పొద్దు సార్ల ఎదుట అక్క గొంతు పెగిలిందో లేదో నాకు తెలీదు. నా ఇంట్లో మాత్రం ఆమె రోజూ గట్టిగానే చెప్తుంది, నా పరీక్షలో రోజూ పాసవుతుంది.