రుచి చూడకుండా వేసిన సున్నా

రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లు ఉన్నాయనగా, ఒక జూన్‌లో నన్ను నారాయణగూడలోని హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీకి సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌గా వేశారు. నాకిచ్చిన పేపర్ ‘విదేశీ వీధి వంటకాలు’. అందులో ఒక యూనిట్ మొత్తం అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ నగరానిది. నేను ఆ ఊరు చూడలేదు. అసలు బొంబాయి దాటి ఎటూ వెళ్లినవాణ్ని కాదు. అయినా పొడవాటి రొట్టెలో వేయించిన రొయ్యలు కూరే పో బాయ్ గురించి, పిండి ముద్దలు వేయించి పంచదార పొడి చల్లే బెన్యే గురించి అక్కడే పుట్టి పెరిగినట్టు పాఠం చెప్పేవాణ్ని. చిక్కడపల్లిలో ఇంటి నుంచి కాలేజీకి నడిచి వచ్చేలోపు పాఠం తయారయ్యేది.

ఆ యూనిట్‌లో కలాస్ అని ఒక వంటకం ఉంది. అన్నం మెదిపి, గుడ్డు, పిండి, పంచదార, జాజికాయ పొడి కలిపి నూనెలో వేయించే ఉండలు. ఒకప్పుడు ఆ ఊరి నల్లజాతి ఆడవాళ్లు బుట్టల్లో పెట్టుకుని వీధుల్లో వేడివేడిగా అమ్మేవారట. ఏదో పాత పుస్తకం నుంచి నేను దించుకున్న నోట్సులో తాజా అన్నం, బేకింగ్ పౌడర్ అని ఉంది. ఆ ప్రకారం చేస్తే ప్రతిసారీ ఉండలు రాళ్లలా వచ్చేవి. అమెరికా వాళ్ల రుచులు అంతేనేమో అనుకుని ఊరుకున్నాను.

ఫైనల్ ప్రాక్టికల్‌కు ముందు రోజు ప్రతి విద్యార్థీ ఒక చీటీ తీయాలి. చీటీలో వచ్చిన వంటకానికి కావలసిన సరుకుల పట్టీ రాసిస్తే స్టోర్ నుంచి ఇస్తారు. దాన్నే ఇండెంట్ అంటాం. బయటి సరుకు ఏదైనా ల్యాబ్‌లోకి తెస్తే ఐదు మార్కులు కోత. నేను చేరిన రెండో ఏడు స్వరూప అనే అమ్మాయికి కలాస్ వచ్చింది. సిద్దిపేట వైపు పల్లె, హాస్టల్లో ఉండి చదువుకునేది. మాట తక్కువ, చెయ్యి మంచిది. అప్పటికే ఒక పెద్ద హోటల్ ఆమెను ట్రెయినీగా తీసుకుంది. ఈ ప్రాక్టికల్ పాసైతే వెళ్లి చేరడమే.

మర్నాడు ఆమె బల్ల దగ్గరికి వెళ్లేసరికి ప్లేటులో ఉండలు గుల్లగా, బంగారు రంగులో ఉన్నాయి. పక్కన ఒక స్టీలు డబ్బా. అదేమిటని అడిగాను.

“హాస్టల్ల రాత్రి మిగిలిన అన్నం సార్. మెత్తగ పిసికి, జర ఈస్ట్ కలిపి మూత పెట్టిన. తాజా అన్నంతోని రాళ్లయితున్నయ్ గద. మా అమ్మ పిండిల సద్దన్నం కలిపితే మంచిగ పొంగుతది” అంది.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చిన మరో పెద్ద హోటల్ చెఫ్ అప్పటికే ఒక ఉండ తుంచబోతున్నారు. “వద్దు సార్, అది రాత్రన్నం” అని నేనే ఆపాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నేను రుచితో సహా ఆ ఐటెమ్ మొత్తానికి సున్నా వేసి సంతకం పెట్టాను. స్వరూప ఫెయిలైంది. మళ్లీ పరీక్ష ఆరు నెలలకు. హోటలువాళ్లు అన్నాళ్లు ఆగలేదు.

పరిశుభ్రత కోసం చేశానని అందరికీ చెప్పాను. అది సగమే నిజం. రాత్రి మిగిలిన అన్నం పొద్దున తినడం మా ఇంట్లో నామోషీ. బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి ముందు మా కాలేజీ ప్లేటులో అది కనబడగానే నాకు తల కొట్టేసినట్టయింది. నా పరువు కోసం ఆ పిల్ల ఉద్యోగం పోగొట్టాను.

సర్వీసు ఆఖరి ఏడాది కాలేజీవాళ్లు న్యూ ఓర్లీన్స్‌లో ఉండే ఒక వంటావిడతో ఆన్‌లైన్ క్లాసు పెట్టించారు. కలాస్ ఎలా చేస్తారని ఒక విద్యార్థి అడిగాడు. రాత్రి మిగిలిన అన్నం మెదిపి, ఈస్ట్ కలిపి, పొద్దుటిదాకా మూత పెట్టి ఉంచాలని ఆవిడ చెప్పింది. తాజా అన్నంతో చేస్తే పొంగవు, మా అమ్మమ్మ అయితే ఒప్పుకునేదే కాదు అని నవ్వింది. క్లాసంతా నవ్వింది. క్లాసు అయ్యాక నేను స్వరూప కోసం వాకబు చేశాను.

స్వరూప అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుతోందని ఆమె క్లాస్‌మేటు చెప్పాడు. ఫోన్ చేసి వెళ్లాను. కోచింగ్ సెంటర్ సందు మొదట్లో, దోసెల బండి పక్కన నిలబడి మాట్లాడుకున్నాం. ఆన్‌లైన్ క్లాసులో విన్నదంతా చెప్పి, తప్పు నాదే అన్నాను. ఎక్కడైనా హోటల్లో చేరతానంటే ఉత్తరం రాసిస్తానన్నాను.

“ఇప్పుడెందుకు సార్, చేతికి ఆ పని అలవాటు తప్పింది. డబ్బా తేవద్దని నాకు ఎరుకనే. అయిదు మార్కులు పోతే పోతయ్ అనుకున్న” అంది. “గని గంత మంచిగ నాకెన్నడు కాలేదు సార్. మీరు ఒక్కటన్న తుంచి నోట్ల ఏసుకుంటరనుకున్న” అంది.

క్లాసుకు టైమయిందని ఆమె వెళ్లిపోయింది.

మా మార్కుల షీటులో శుభ్రత, పద్ధతి, అలంకరణ, రుచి అనే వరసలో నాలుగు గడులుండేవి. ఆఖరి బ్యాచ్‌కు నేను రుచి గడి అన్నిటికంటే ముందు నింపాను. ఆ ఏడు కలాస్ చీటీ ఎవరికీ రాలేదు. బయటి సరుకు తెచ్చినందుకు ఐదు మార్కులు కోసే అధికారం నాకుంది. నోట్లో పెట్టుకోని వంటకు సున్నా వేసే అధికారం లేదు. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు సర్వీసంతా పట్టింది. స్వరూప షీటులో రుచి గడిలోని సున్నా మాత్రం నా సంతకంతో కాలేజీ రికార్డులో అలాగే ఉంది. దాన్ని దిద్దే పద్ధతి ఏదీ లేదు.